డెంగీ ఒకసారి వస్తే మళ్లీ రాదా?

ప్రశ్న: మా బాబుకి పోయినేడాది డెంగీ వచ్చి తగ్గింది డాక్టర్ గారూ. ఒకసారి వస్తే ఇక రాదని మా అత్తయ్య అంటున్నారు, నిజమేనా? – ఓ తల్లి, ఖమ్మం

జవాబు: సగమే నిజమమ్మా. డెంగీ వైరస్‌లో 4 రకాలున్నాయి, బాబుకి వచ్చిన ఆ ఒక్క రకం నుంచి యాంటీబాడీలు (వైరస్‌తో పోరాడేందుకు ఒంట్లో తయారయ్యే ప్రోటీన్లు) చాలా ఏళ్లు కాపాడతాయి, మిగతా మూడింటి మీద మాత్రం ఆ రక్షణ కొన్ని నెలలే. అసలు చిక్కేంటంటే రెండోసారి వేరే రకం వస్తే పాత యాంటీబాడీలు దాన్ని పట్టుకుంటాయి గానీ చంపలేవు, పైగా వాటినే పట్టుకుని వైరస్ మన ఒంట్లోని కణాల్లోకి ఇంకా తేలిగ్గా దూరిపోతుంది, అందుకే రెండోసారి ముదిరే ప్రమాదం ఎక్కువ. మళ్లీ డెంగీ వస్తే జ్వరం తగ్గింది కదా అని ఊరుకోవద్దు, తగ్గాక ఆ ఒకట్రెండు రోజులే చాలా జాగ్రత్తగా చూసుకోవాలి, కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ అస్సలు వేయొద్దు.

డెంగీని అంటించే దోమ ఎక్కువగా పగలే కుడుతుంది, కాళ్ల మీద తెల్లచారలుంటాయి. కూలర్లో నీళ్లు పారబోస్తే సరిపోదమ్మా, గుడ్లు లోపల గోడకి అంటుకుని ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు పడితే పొదుగుతాయి. పీచుతో గట్టిగా రుద్ది కడగండి.