ఫొటో తీస్తే రేటు చెప్పే యాప్ కావాలా? ముందు ఇది చదవండి

ప్రశ్న: మా నాన్న వడ్రంగి పని చేసేవారు. ఆయన పోయాక షెడ్డు నిండా సామాన్లు అలాగే ఉండిపోయాయి, రంపాలు, చిత్రికలు, ఉలులు, రెండు కార్డ్‌లెస్ డ్రిల్లులు, ఒక పెద్ద టేబుల్ సా. ఫొటో తీస్తే రేటు చెప్పే మంచి యాప్ ఏదైనా ఉంటే చెప్పండి, ఆన్‌లైన్‌లో పెట్టి అమ్మేద్దాం అనుకుంటున్నాం.

జవాబు: కుట్టు మిషన్లు, కెమెరాలు, ఇప్పుడు వడ్రంగి సామాన్లు, వస్తువే మారుతోంది గానీ అందరూ అడిగేది ఇదే యాప్. అలా చెప్తామనే యాప్‌లు బోలెడున్నాయి, వాటిని నమ్మి రేటు పెట్టొద్దు. వాటిలో చాలావరకు చేసే పనల్లా మీ ఫొటోని పోలిన ఫొటోలు వెతికి వాటి పక్కనున్న రేటు చూపించడమే, అది ఎవరో అడుగుతున్న రేటు, ఎవరైనా ఇచ్చిన రేటు కాదు. ఎవరూ కొనక ఎప్పట్నుంచో పడున్న చిత్రిక కూడా అక్కడ దర్జాగా పెద్ద రేటుతో కూర్చునుంటుంది. అమ్ముడుపోయిన వాటిని విడిగా చూపించే ఫిల్టర్ ఉన్న సైట్లో చూసుకోండి, అంతకన్నా మంచిది ఇప్పటికీ పనిచేస్తున్న ఒక వడ్రంగిని పిలిచి చూపించడం.

ఎందుకంటే అసలు విలువ తేల్చేవి కెమెరాకి కనిపించవు. పోత ఇనుము చిత్రికకి బ్లేడు బయటికొచ్చే నోటి దగ్గర వెంట్రుకంత పగులుంటే దాని రేటు సగానికి సగం పడిపోవచ్చు. రంపాన్ని కంటికి ఎత్తి పట్టుకుని పొడుగునా చూస్తే గానీ వంకర తెలీదు. ఉలి అయితే సానపట్టీ సానపట్టీ ఎంత ఉక్కు మిగిలిందో కొలవాలి. ఇంకోటి, అమ్మేముందు మెరిపిద్దామని గ్రైండర్ తీసుకుని మాత్రం కూర్చోకండి ప్లీజ్. పైపైన తుప్పు కొనేవాడైనా దింపుకుంటాడు, కానీ గ్రైండర్ తినేసిన ఇనుము, అరిగిపోయిన కంపెనీ ముద్ర తిరిగి రావు, పాత సామాను సేకరించేవాళ్లు మొదట వెతికేది ఆ ముద్రనే. టేబుల్ సాకి మోటారు మీదున్న ప్లేటు చూడండి, 3 ఫేజ్ అని ఉంటే మామూలు ఇంటి కనెక్షన్ మీద నేరుగా నడవదు, ఆ ముక్క ముందే రాసేస్తే అనవసరమైన ఫోన్లు తగ్గుతాయి. దాని ఫెన్సు (చెక్కని తిన్నగా నడిపించే పట్టీ), బ్లేడు గార్డు, పానాలు ఏ సొరుగులో ఉన్నాయో వెతికి పక్కన పెట్టుకోండి, గార్డు లేని టేబుల్ సా వేళ్లు తీసేస్తుంది.

రేటు సంగతి వదిలేయండి, నన్ను భయపెట్టేది మీరు రాయబోయే ప్రకటన. "నాన్నగారు పోయారు, అమ్మ ఒక్కతే ఉంటోంది, ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు" అని ఎంతమంది రాస్తారో! ఇంట్లో ఖరీదైన సామానుంది, కాపలా లేదు, దాని రేటు తెలిసిన మనిషి కూడా లేడు, ఇవన్నీ దొంగకి మనమే టైపు చేసి ఇచ్చినట్టు. "వాడిన వడ్రంగి సామాను అమ్మకానికి" అని రాస్తే చాలు, ఎవరు పోయారో కొనేవాడికి అనవసరం. ఫొటో షెడ్డు తలుపు దగ్గర కాదు, ఒక దుప్పటి పరిచి దాని మీద పెట్టి తీయండి, సీరియల్ నంబర్ కనబడనివ్వొద్దు. కెమెరాలో లొకేషన్ ఆఫ్ చేయండి, లేకపోతే ఎక్కడ తీశారో ఆ ఫొటో ఫైల్లోనే దాగి ఉంటుంది. చాలా సైట్లు అప్‌లోడ్ చేసేటప్పుడు ఆ వివరాలు తీసేస్తాయి నిజమే, కానీ "ఒరిజినల్ ఫొటో పంపండి" అని ఎవడో అడిగితే మీరు మెయిల్‌లోనో, మెసెంజర్‌లో డాక్యుమెంట్‌గానో పంపుతారు చూడండి, అప్పుడు ఇంటి అడ్రసు కూడా దాంతోపాటే వెళ్లిపోతుంది.

తర్వాత వచ్చేవాడు బేరమే ఆడడు. "మీరు నిజమైన మనిషేనా అని చెక్ చేస్తున్నా, ఒక కోడ్ వచ్చింది చెప్పండి" అంటాడు, చెప్పారా, మీ నంబర్ మీద వాడి అకౌంట్ తయారు, లేదా మీ అకౌంటే వాడి చేతిలోకి. ఇంకొకడు "డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటాడు. డబ్బు రావడానికి పిన్ కొట్టే పనే లేదు, పిన్ అడిగారంటే డబ్బు పోతోందని. స్క్రీన్‌షాట్ చూపిస్తే నమ్మకండి, మీ బ్యాంకు యాప్‌లో బ్యాలెన్స్ చూశాకే సామాను చెయ్యి దాటాలి.

నాన్నగారి ఫోన్ కూడా అమ్మే కుప్పలో వేసేయకండి. రీచార్జి లేక ఆ సిమ్ ఆగిపోతే కొన్నాళ్లకి అదే నంబర్ ఇంకెవరికో ఇస్తారు, దానికి కట్టి ఉన్న అకౌంట్ల ఓటీపీలు ఆ కొత్త మనిషికి వెళ్తాయి. బ్యాంకుకి విషయం చెప్పి, మెయిలూ మిగతావీ సర్దుకున్నాకే ఆ నంబర్ వదలండి.

ప్రశ్న: పోయినాయన డ్రిల్ కొన్నాను. అది ఆయన ఫోన్లో ఉన్న డ్రిల్ కంపెనీ యాప్‌కి లాక్ అయి ఉంది, బ్యాటరీ కూడా చార్జ్ అవట్లేదు. ఏం చేయాలి?

జవాబు: లాక్ తీయాలంటే ఆయన అకౌంట్లోంచే తీయాలి, లేదా బిల్లు పట్టుకుని కంపెనీ చుట్టూ తిరగాలి. గోడకి కన్నం వేసే వస్తువుకి లాగిన్ ఎందుకు అసలు? దొంగతనం ఆపడానికట, సరే, మరి మనిషి పోతే ఏంటి అని ఆ డిజైన్ చేసినవాళ్లలో ఒక్కడికీ తట్టలేదా? దానికి తోడు ఒక కంపెనీ బ్యాటరీ మామూలుగా ఇంకో కంపెనీ డ్రిల్‌కి పట్టదు. డబ్బా మీద 18 వోల్టులన్నా 20 అన్నా లోపలుండేది వరసగా 5 సెల్సే, ఒక్కోటి మామూలుగా 3.6 వోల్టులు, నిండుగా చార్జ్ అయితే 4.2, అంటే ఐదూ కలిపి మామూలుగా 18, నిండితే 20 దాటుతుంది. తేడా ఎక్కువగా ఆ ప్లాస్టిక్ గాడిలో, లోపలి ఎలక్ట్రానిక్స్‌లో, మనచేత మళ్లీ మళ్లీ కొనిపించడానికి.

బ్యాటరీ నెలల తరబడి ఖాళీగా పడుంటే సెల్ వోల్టేజీ మరీ కిందికి దిగిపోతుంది, అప్పుడు చార్జర్ దాన్ని వద్దంటుంది, కావాలనే వద్దంటుంది. వీడియోల్లో చూసి వేరే బ్యాటరీతో వైర్లు కలిపి లేపే ప్రయత్నం చేయకండి, అంత దిగిన సెల్ లోపల రాగి కరిగి చోటు మారి ఉంటుంది, మళ్లీ చార్జ్ ఎక్కిస్తే లోపలే షార్ట్ అయి మంటలు లేవొచ్చు. ఉబ్బినదైతే కొరియర్‌లో కూడా పంపకండి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి మీరే వెళ్లి ఇవ్వండి. డ్రిల్‌కి లాక్ తీయించుకున్నాక ఇంకో బ్యాటరీ కొనండి. లాక్ ఊడకపోతే అమ్మినవాళ్లకి తిరిగిచ్చేసి డబ్బు అడగండి, మొహమాటపడకండి.