మడవాల్సింది మంచం కాదు, బల్ల

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చిన్న ఫ్లాట్ల గురించే. మొదటి ఉత్తరం చాలా ఇళ్ల సమస్య కాబట్టి దానికి కాస్త ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది ఒకే పడకగది ఉన్న ఫ్లాట్. హాలు 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. అత్తగారు మాతోనే ఉంటారు, హాల్లో పడుకుంటారు. పగలు అదే హాల్లో నేను ఆఫీసు పని చేసుకోవాలి. సోఫా కమ్ బెడ్ కొందామని నేను, గోడలోకి మడిచే మంచం చేయిద్దామని మావారు. ఏది మేలంటారు మేడమ్?

జవాబు: రెండూ వద్దంటాను. ఎందుకో చెబుతాను, మీవారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

సోఫా కమ్ బెడ్ ఎప్పుడైనా వచ్చే చుట్టాలకు సరిపోతుంది. బయటికి లాగే రకంలో పరుపు సోఫా లోపల మడతపడి ఇమడాలి కాబట్టి అది పల్చగానే ఉంటుంది. కింద ఉన్న ఇనుప కడ్డీ నడుముకు తగులుతుంది. వీపు వెనక్కి వాల్చే రకంలో కడ్డీ బాధ లేదు గానీ, సీటుకీ వీపుకీ మధ్య ఉన్న సందు సరిగ్గా పడక మధ్యలోకి వస్తుంది. పెద్దావిడ ఏడాది పొడవునా దాని మీద పడుకోవడం నాకు ఇష్టం లేదు.

పడక విషయంలో గోడ మంచమే నయం, మామూలు పరుపు వేసుకోవచ్చు. ఈ ఆలోచనకు వందేళ్లు దాటాయి. 20వ శతాబ్దం మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒంటిగది ఇంట్లో ఉండే విలియం మర్ఫీ అనే ఆయన దీనికి పేటెంట్ తీసుకున్నారు. ఇప్పటికీ మర్ఫీ బెడ్ అనే అంటారు. మీ హాలుకు నిలువుగా దిగే రకం కుదరదు. తెరిస్తే దాదాపు 7 అడుగులు ముందుకొస్తుంది, 10 అడుగుల్లో మీకు మిగిలేది 3. అడ్డంగా దిగే సింగిల్ మంచమైతే మూడున్నర అడుగులతో సరిపోతుంది. కొలతల వరకు మీవారి మాట బాగానే ఉంది.

కానీ రోజూ దాన్ని దించేదెవరు? మధ్యాహ్నం అత్తగారికి కాసేపు నడుం వాల్చాలనిపిస్తుంది. అప్పుడు మీరు మీటింగులో ఉంటారు. ఆవిడ ఒక్కరే దించుకోలేరు, మిమ్మల్ని పిలవడానికి మొహమాటపడి కుర్చీలోనే కునుకు తీస్తారు. పడుకోవడానికి కూడా ఇంకొకరిని అడగాల్సి రావడం ఏ వయసు వాళ్లకైనా బాధే. నాలుగడుగులు కలిసొస్తాయని ఆ ఇబ్బంది ఆవిడకు పెట్టకండి.

ఆవిడకు 3 అడుగుల వెడల్పు దివాన్ ఒకటి పొడుగు గోడకు ఆనించి, కదపకుండా ఉండేలా వేయండి. పరుపుతో కలిపి ఎత్తు 18 అంగుళాలు ఉంటే మోకాళ్ల మీద భారం పడకుండా లేవగలరు. గోడ వైపు దిండ్లు పెడితే పగలు అదే సోఫా. కింద చక్రాల సొరుగులు చేయించండి. మూత ఎత్తే రకం వద్దు, ఆవిడ పడుకుని ఉండగా ఒక దుప్పటి తీయాలన్నా కుదరదు.

మడవాల్సింది మీ బల్ల. అది మీరే తెరుస్తారు, మీరే మూస్తారు. అయితే మడత బల్ల కొన్న ఇళ్లలో చాలాచోట్ల చూశాను, అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఎందుకంటే సాయంత్రం దాని మీది సామాను ఎక్కడికి పోవాలో ఎవరూ ఆలోచించి ఉండరు. ఛార్జరు, పెన్నులు, కళ్లజోడు, నీళ్ల సీసా, ఇవన్నీ ఇంకో గదికి మోసుకెళ్లి సర్దాలంటే వారం పది రోజులకే విసుగొస్తుంది. అందుకని గోడకు 6 అంగుళాల లోతున్న చిన్న అలమార చేయించి, దాని మూతే బల్లగా వాలేలా పెట్టించుకోండి. మూత 18 అంగుళాలు, అలమారతో కలిపి 2 అడుగుల లోతు వస్తుంది. మోచేతులతో సహా హాయిగా పడుతుంది. ప్లగ్గు అలమార లోపలికే తెప్పించండి. పని అయ్యాక ల్యాప్‌టాప్‌ను అరలో నిలబెట్టి, మూత ఎత్తి గడియ వేస్తే అర నిమిషంలో హాలు హాలైపోతుంది. వాల్చిన బల్ల నేల నుంచి 29 అంగుళాల ఎత్తులో ఉండాలి.

బిగింపు దగ్గర మాత్రం రాజీపడొద్దు. రాసేటప్పుడు మనం ఆనేది బల్ల అంచు మీద. అంచు గోడకు ఎంత దూరంగా ఉంటే పై స్క్రూల మీద లాగుడు అంత ఎక్కువ. ఇటుక గోడో కాంక్రీటు గోడో అయితే యాంకర్ బోల్టులు వేయించండి. జిప్సం బోర్డు పార్టిషన్ అయితే లోపలున్న ఫ్రేముకే బిగించాలి, ఉత్త బోర్డుకు బిగిస్తే ఏదో ఒక రోజు బల్లతో పాటు ఊడొస్తుంది.

మీ హాలు లెక్క ఇదీ: దివాన్‌కు 3 అడుగులు, ఎదుటి గోడకు తెరిచిన బల్ల 2, వెనక్కి జరిపిన కుర్చీకి రెండున్నర. మధ్యలో దారి రెండున్నర అడుగులు మిగులుతుంది, అది చాలు. అయినా ఆర్డర్ ఇచ్చే ముందు ఈ కొలతలన్నీ నేల మీద మాస్కింగ్ టేపుతో అంటించి రెండు రోజులు ఆ గీతల మధ్యే తిరగండి. రాత్రి లైటు వేయకుండా, అత్తగారు బాత్‌రూమ్‌కి వెళ్లే దారిలో మీరు ఒకసారి నడిచి చూడండి.

ప్రశ్న: మాది మూత పైకి లేచే స్టోరేజ్ మంచం. బరువైన పాత పరుపు తీసేసి తేలికైనది వేశాం. అప్పటి నుంచి కొద్దిగా ఎత్తగానే మూత విసురుగా లేస్తోంది. మూయాలంటే ఇద్దరం దాని మీద వాలాల్సి వస్తోంది. మంచం పాడైందా?

జవాబు: పాడవలేదు. రెండు వైపులా ఉన్న రాడ్లలో ఒత్తిడితో నింపిన గ్యాస్ ఉంటుంది, సాధారణంగా నైట్రోజన్. ఆ తోపుడు మీ పాత పరుపు బరువుకు తగ్గట్టు ఎంచి పెట్టినది. ఇప్పుడు బరువు తగ్గింది, తోపుడు అంతే ఉంది. ఎన్ని న్యూటన్లన్నది మామూలుగా రాడ్ మీదే అచ్చు వేసి ఉంటుంది. ఆ అంకె, కొత్త పరుపు బరువు రెండూ చెప్పి, తోపుడు తక్కువున్న జత తెప్పించుకోండి. ఒక్కటే మారిస్తే మూత ఒక పక్కకు మెలి తిరుగుతుంది. పాతవాటిని కోయడం, వేడి చేయడం అస్సలు వద్దు, లోపల ఒత్తిడి అలాగే ఉంటుంది.

ఏళ్లు గడిచి గ్యాస్ తగ్గిపోతే ఇందుకు ఉల్టా జరుగుతుంది. మూత నిలవదు, మెల్లగా దిగుతూ ఒక్కసారిగా పడిపోతుంది. అలాంటి మంచంలోంచి ఏదైనా తీయాలంటే గట్టి కర్ర ఆసరాగా పెట్టాకే లోపలికి వంగండి. పిల్లలుంటే రాడ్లు మార్చేదాకా ఆ మూత ఎత్తనేవద్దు.

ప్రశ్న: వంటగది సన్నగా, పొడుగ్గా ఉంది. పక్క గోడ కొట్టేసి ఓపెన్ కిచెన్ చేయించమని స్నేహితుల సలహా. చేయించమంటారా?

జవాబు: అది బరువు మోసే గోడో కాదో ఇంజినీరు చూసి చెప్పేదాకా సుత్తి ముట్టనివ్వకండి. నన్నడిగితే సన్నని వంటగది లోపమే కాదు. 1926లో మార్గరెటె ష్యూటె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కట్టే ఇళ్ల కోసం గీసిన వంటగది 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు మాత్రమే. పక్కకు జరిగే తలుపు, గోడ మీది నుంచి దించే ఇస్త్రీ బల్ల, కూర్చుని పని చేసుకోవడానికి తిరిగే స్టూలు, సరుకులు నేరుగా వంపుకోవడానికి మూతిలాంటి కొస ఉన్న అల్యూమినియం సొరుగులు, అన్నీ అందులోనే పట్టాయి. దాదాపు 10 వేల ఇళ్లకు ఆ వంటగదే పెట్టారు. వంట చేసే మనిషి ఎన్ని అడుగులు వేయాల్సి వస్తోందో లెక్కగట్టి గీసిన వంటగది అది. నాకు ఆవిడంటే చాలా గౌరవం.

మీరు మొదట తలుపును పక్కకు జరిగేదిగా మార్చుకోండి. కింది అలమారాల తలుపులు తీసేసి పూర్తిగా బయటికొచ్చే సొరుగులు పెట్టించండి. వెనక వరుసలో ఏముందో మోకాళ్ల మీద కూర్చుని వెతికే పని తప్పుతుంది. అప్పటికీ ఇరుకనిపిస్తే గోడ సంగతి చూద్దాం.

ప్రశ్న: అతికించే హుక్కులు, గాలి తీసేసి మూసే సంచులు, ఛాతీ ఎత్తు సొరుగుల బీరువా కొన్నాను. చోటు కలిసి రావాలంటే ఇంకేం కొనాలి?

జవాబు: ఇంకేమీ వద్దు. హుక్కులు నున్నటి టైల్స్ మీదే నిలుస్తాయి, సున్నం గోడకు వేస్తే పొరతో సహా ఊడతాయి. సంచుల్లో పెట్టే దుప్పట్లు పూర్తిగా ఆరి ఉండాలి, ఏమాత్రం చెమ్మ ఉన్నా బూజు పడుతుంది.

బీరువా గురించే నా కంగారంతా. ఇంట్లో పిల్లలున్నారో లేదో మీరు రాయలేదు. సొరుగులన్నీ ఒకేసారి బయటికి లాగి, మెట్లలా ఎక్కితే ఆ బీరువా ముందుకు పడిపోతుంది. చిన్న పిల్లల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. పైభాగాన్ని రెండు ఎల్ క్లాంపులతో గోడకు బిగించండి, బరువైనవన్నీ కింది సొరుగుల్లోకి మార్చండి. పిల్లలను పిలిచే వస్తువులు, బొమ్మలూ రిమోట్లూ, దాని పైన ఉంచొద్దు. ఇవాళ బిగించే మనిషి దొరక్కపోతే పై సొరుగులు ఖాళీ చేసి తాళం వేసి ఉంచండి.