టెక్ సందేహాలు: పాత జిప్సీ కుదుపులకు నాబ్ ఎంతకు తిప్పాలి?

ప్రశ్న: మాది బెంగళూరు మారతహళ్లి. నా 2009 నాటి మారుతి జిప్సీకి పాత యజమాని తొమ్మిది అంచెల నాబ్ ఉన్న షాక్ అబ్జార్బర్లు వేయించారు. ఇప్పుడు నాలుగూ 7లో ఉన్నాయి. మట్టిదారుల్లో ఇబ్బంది లేదు గానీ, నగరంలో స్పీడ్ బ్రేకర్ల దగ్గర అమ్మానాన్నలు నడుము పట్టుకుంటున్నారు. నాబ్ ఎంతలో పెట్టాలి? కుదుపును ఫోన్‌తో కొలవవచ్చా?

జవాబు: బండి బరువును మోసేవి కమాను పట్టీలు (లీఫ్ స్ప్రింగులు), అవి వంగి లేచేటప్పుడు పుట్టే ఊపును అణచడమే షాక్ అబ్జార్బర్ పని. జిప్సీకి ముందూ వెనుకా పట్టీలే కాబట్టి, నాబ్‌ను అన్నిటికంటే వదులైన 1కి తిప్పినంత మాత్రాన అది కాయిల్ స్ప్రింగుల మారుతి జిమ్నీలా మారదు. అయితే 7 అన్నది నలుగురితో, సామానుతో కొండదారి ఎక్కేవారికి సరిపోయే అమరిక. దాదాపు ఖాళీగా నగరంలో తిరిగే తేలికపాటి బండికి అది ఎక్కువే.

అసౌకర్యం ఏ రకమైనదో ముందు గమనించండి. బ్రేకర్ దాటాక బండి రెండు మూడు సార్లు ఊగితే షాక్‌లు మరీ వదులుగా ఉన్నాయని, లేదా అరిగిపోయాయని అర్థం. ఊగకుండా ఒక్కసారిగా వెన్నుకు తగిలితే బిగువు ఎక్కువైనట్టు. వరుసగా వచ్చే చిన్న గతుకుల మీద మరో చిక్కు ఉంది: చక్రం కిందికి దిగే కదలికను, అంటే రీబౌండ్‌ను, షాక్ గట్టిగా పట్టి ఉంచితే తర్వాతి గతుకు వచ్చేలోగా చక్రం పూర్తిగా దిగదు, అలా ఒక్కో గతుకుకూ బండి కాస్త కాస్త కుంగి, చివరికి రబ్బరు స్టాపర్లకు దగ్గరై మరింత కఠినంగా తగులుతుంది. ఇలాంటి దెబ్బను చాలామంది షాక్ చాలక వచ్చిందనుకుని ఇంకా బిగిస్తారు, అది పరిస్థితిని చెడగొడుతుంది. షాక్‌లు తయారుచేసే కోనీ వారి సాధారణ సర్దుబాటు రకాల్లో మారేది రీబౌండ్ మాత్రమే. ఒకే నాబ్ ఉన్న మరికొన్నింటిలో కంప్రెషన్, అంటే చక్రం పైకి లేచేటప్పటి బిగువు, కూడా కలిసి మారుతుంది. మీది ఏ రకమో దాని పెట్టె మీదో, మాన్యువల్‌లోనో చూడండి.

నాబ్ ముట్టుకునే ముందు టైర్లలో గాలిని ఉదయం, చల్లగా ఉన్నప్పుడు కొలిచి కంపెనీ చెప్పిన అంకెకు తేవాలి. మట్టిదారి కోసం తగ్గించిన గాలిని తారురోడ్డు ఎక్కేముందు తిరిగి నింపాలి. పట్టీల మధ్య తుప్పు పట్టి ఉంటే అవి ఒకదానిపై ఒకటి జారవు. చిన్న గతుకు నేరుగా ఛాసిస్‌కు ఎక్కుతుంది, నాబ్‌తో దాన్ని సరిచేయలేరు. పట్టీలు విప్పి శుభ్రం చేయించినప్పుడు పట్టీ చివర్లలోని రబ్బరు బుష్‌ల బోల్టులను జాకీ మీద కాక, చక్రాలు నేలమీద ఆని బండి బరువు పడ్డాకే చివరిసారి బిగించమనండి. లేకపోతే రబ్బరు మెలి తిరిగిన స్థితిలోనే ఉండిపోయి పట్టీని గట్టిపరుస్తుంది, త్వరగా చిరుగుతుంది కూడా. జేసీ రోడ్డులో విడిభాగాలు దొరకడం కష్టం కాదు గానీ, ఈ ఒక్క మాట మెకానిక్‌కు మీరే చెప్పాలి.

ఇక ఫోన్ సంగతి. జర్మనీలోని ఆకెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం రూపొందించిన ఉచిత యాప్ ఫైఫాక్స్, ఫోన్‌లో కుదుపును కొలిచే యాక్సెలరోమీటర్ రీడింగులను రికార్డు చేసి ఫైలుగా ఇస్తుంది. ఫోన్‌ను డ్యాష్‌బోర్డు హోల్డర్‌లో పెట్టకండి, హోల్డర్ తానే వణుకుతుంది. వెనుక సీటు కింద నేలకు గట్టి టేపుతో అంటించండి. మామూలుగా ఎక్కే మనుషులతోనే, ఒకే దారిలో, ఒకే వేగంతో నడపండి. పది నిమిషాలు నడిచి షాక్ నూనె వేడెక్కాక కొలత మొదలుపెట్టండి. నాలుగూ 2లో పెట్టి, వెనుక జతను మాత్రం ఒక్కో అంచె పెంచుతూ, ఊగిసలాట ఆగిన చోట నిలపండి. తర్వాత ముందు జతను కూడా అలాగే చూడండి. ఒకే యాక్సిల్‌కు రెండు వైపులా అంకె ఒకటే ఉండాలి. ఏ వేగపు కుదుపు ఎంత ఉందో చూపే స్పెక్ట్రమ్ గ్రాఫ్‌లో 1, 2 హెర్ట్జ్ (సెకనుకు ఒకటి, రెండు ఊపులు) దగ్గర కనిపించేది బండి ఊపు, 10 దాటాక కనిపించేది చక్రాల గంతులు. మనిషి శరీరాన్ని ఎక్కువగా బాధించేది 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్య నిలువు కుదుపని, శరీరానికి తగిలే కుదుపులపై అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 2631 చెబుతుంది. మీరు పోల్చవలసింది ఆ భాగాన్నే. నా అంచనా, మీరు 3 లేదా 4 దగ్గర ఆగుతారు. హోసూరు హైవే మీద బ్రేకు వేసినప్పుడు ముక్కు బాగా వంగినా, మలుపులో ఒరిగినా ముందు జతను ఒక అంచె పెంచండి. సౌకర్యం కోసం అక్కడ రాజీపడకూడదు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 మార్గదర్శకాలు స్పీడ్ బ్రేకర్ బండి వెళ్లే దిశలో 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలన్నాయి. రాత్రికి రాత్రి కాలనీల్లో లేచే సిమెంటు దిమ్మెలకు ఏ నాబూ జవాబు చెప్పలేదు.

ప్రశ్న: పాత బొలెరోకు గ్యాస్ షాక్‌లు వేస్తే మెత్తగా ఉంటుందా? (కేఆర్ పురం నుంచి)

జవాబు: ఉండదు. నైట్రోజన్ ఒత్తిడి నూనె నురగ కట్టకుండా కాపాడుతుంది, సుదీర్ఘమైన గతుకుల దారిలో పట్టు సడలనివ్వదు. నగరంలో మాత్రం ప్రయాణం కొంచెం గట్టిగానే అనిపించవచ్చు. ఇప్పుడున్నవి నూనె కారుతుంటే మార్చండి, కారకపోతే ముందు బుష్‌లు చూపించండి.