ఇల్లు అమ్మే ముందు ఆ మూడు మెట్లు చూడండి

ప్రశ్న: నల్గొండ రామగిరిలో 1988లో నా జీతంతో కట్టుకున్న ఇల్లు మాది. నాకు 69 ఏళ్లు, నా భార్యకు 65. పింఛను నెలకు 38 వేలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు 14 లక్షలు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. మరుగుదొడ్డి, స్నానాలగది పెరట్లో ఉన్నాయి, మూడు మెట్లు దిగాలి. రాత్రి లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేసింది. ఇల్లు అమ్మి హైదరాబాద్‌లో తన దగ్గరే ఫ్లాటు కొనుక్కోమంటున్నాడు మా అబ్బాయి. ఆమెకు ఇష్టం లేదు. ఏం చేయాలి?

జవాబు: మాస్టారూ, మీ లెక్కలకంటే ముందు అమ్మగారు నీళ్లు మానేశారన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మన జిల్లాలో కీళ్ల బాధ ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. ఆమెను బాధిస్తున్నది ఇల్లు కాదు, ఆ మూడు మెట్లు. వాటికోసం ఇల్లే అమ్ముకోవద్దు.

పడకగదికి ఆనుకుని కమోడ్‌తో చిన్న స్నానాలగది కట్టించండి. జారని టైల్స్, పట్టుకుని లేవడానికి గోడకు స్టీలు కడ్డీలు, గడప లేని వెడల్పు తలుపు ఉండాలి. ఇందుకు రెండున్నర లక్షలు పక్కన పెట్టండి. వైద్య ఖర్చులకని లక్షన్నర బ్యాంకులోనే ఉంచండి. మిగిలిన 10 లక్షలు, డిపాజిట్ల గడువు తీరేకొద్దీ, పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లోకి మార్చండి. 8.2 శాతం వడ్డీ చొప్పున మూడు నెలలకోసారి 20,500 రూపాయలు వస్తాయి. ఆ వడ్డీకి పన్ను లెక్క ఉంటుంది.

ఫ్లాటుకు ఇంటి సొమ్ము చాలకపోతే ఈ 14 లక్షలే కరుగుతాయి, పైగా నెలనెలా మెయింటెనెన్స్. అబ్బాయి మాట ప్రేమతో అన్నదే. అక్కడ మూడు నెలలు అద్దెకుండి చూడండి, అమ్మగారికి నచ్చితే అప్పుడు ఆలోచించవచ్చు.

రేపు పింఛను చాలకపోతే రివర్స్ మార్ట్‌గేజ్ ఉంది. 60 దాటిన వారికి సొంత ఇంటిపై బ్యాంకు నెలనెలా డబ్బిస్తుంది, మీ ఇద్దరిలో ఏ ఒక్కరు ఉన్నంతకాలమైనా ఇల్లు ఖాళీ చేయనక్కర్లేదు. తర్వాత పిల్లలు అప్పు తీర్చి ఇల్లు తీసుకోవచ్చు. వడ్డీ పెరుగుతూ పోతుంది కాబట్టి ఇది చివరి దారి.

ఇంకో మాట గట్టిగా చెబుతాను. ఎవరు అడిగినా ఇప్పుడే ఇల్లు గిఫ్టుగా రాసివ్వకండి, వీలునామా చాలు. రాయక తప్పకపోతే మిమ్మల్ని పోషించాలన్న షరతు దస్తావేజులోనే ఉండాలి. అలా ఉంటే, మాట తప్పినప్పుడు 2007 నాటి వయోవృద్ధుల చట్టం కింద ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు.

మేస్త్రీ వచ్చి పని మొదలుపెట్టేలోగా పెరటి మెట్ల పక్కన ఒక లైటు, పట్టుకోవడానికి ఒక కడ్డీ ఈ వారమే పెట్టించండి.