చెత్తబండి అబ్బాయికి మా ఇంటి ఇన్సులిన్ సూది గుచ్చుకుంది.. ఏం చేయాలి?

ప్రశ్న: మాది తిరుపతి కొర్లగుంట. మా అత్తమ్మకు 68 ఏళ్లు. షుగర్ ఉంది, రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ వేసుకుంటుంది. వాడేసిన సిరంజీలు, షుగర్ చూసుకునే సూదులు ఇన్నాళ్లూ ఖాళీ పాలకవర్లో చుట్టి పొడిచెత్తలో వేసేదాన్ని. 12 రోజుల క్రితం చెత్త తీసుకెళ్లే అబ్బాయి వేలికి సూది గుచ్చుకుని రక్తం వచ్చింది. ‘ఏం కాదులే అక్కా’ అని చొక్కాకు తుడుచుకుని వెళ్లిపోయాడు. అప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు. ఈ సూదులను ఎలా పారేయాలి? – ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: పారేయడం గురించి తర్వాత చెప్తానమ్మా, ముందు ఆ అబ్బాయి సంగతి చూద్దాం. ఆయన ‘ఏం కాదులే’ అన్నాడని వదిలేయకండి.

వాడిన సూది గుచ్చుకుంటే రక్తం ద్వారా సోకే జబ్బుల్లో ముఖ్యమైనవి మూడు: హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్ఐవీ. హెచ్ఐవీ అనగానే అందరికీ టెన్షన్. కానీ హెచ్ఐవీ ఉన్నవారి సూది గుచ్చుకున్నా అది సోకేది సుమారు 1,000 మందిలో ముగ్గురికే. నాకు ఎక్కువ భయం హెపటైటిస్ బి తోనే. అది ఉన్నవారి సూది గుచ్చుకుంటే, టీకా వేయించుకోనివారిలో 100 మందికి 6 నుంచి 30 మంది దాకా సోకవచ్చు. ఎండిన రక్తపు మరకలో కూడా ఆ వైరస్ వారం రోజులు బతకగలదు.

మీ విషయంలో ఒక మేలు ఉంది. ఆ సూది ఎవరిదో మనకు తెలుసు. మీ అత్తగారికి జరిగింది చెప్పి, ఆమె ఒప్పుకుంటే ఈ మూడు పరీక్షలూ చేయించండి. మూడూ లేవని వస్తే ఆ అబ్బాయి గుండెల మీది బరువు చాలావరకు దిగిపోతుంది. ఇన్సులిన్ సూది చర్మం కింది కొవ్వులోకే వెళ్తుంది కాబట్టి దాని మీద రక్తం ఉండేది తక్కువే. షుగర్ చూసుకునే సూది మాత్రం రక్తం తీసిన సూదే.

హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు, వీలైతే మొదటి రెండు గంటల్లోనే మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఆ వేళ దాటిపోయింది. అయినా ఆయన్ను రుయా ఆసుపత్రికి తీసుకెళ్లండి, మీరూ వెంట వెళ్లండి. ఇప్పుడొక పరీక్ష, గుచ్చుకున్న రోజు నుంచి 6 వారాలకు, 3 నెలలకు, 6 నెలలకు మళ్లీ పరీక్షలు అవసరమవుతాయి. హెపటైటిస్ బి టీకా ముందెప్పుడూ వేయించుకోకపోతే ఇప్పుడు మొదలుపెట్టినా మంచిదే. ఇప్పుడొకటి, నెల తర్వాత ఒకటి, ఆరో నెలలో ఇంకొకటి, మొత్తం మూడు డోసులు. రోజూ చెత్తలో చేతులు పెట్టే మనిషికి ఆ టీకా ఎలాగూ ఉండాలి.

హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు సిరంజీకి మూత పెట్టబోయి నేనూ వేలు పొడుచుకున్నాను. చివరి రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో అమ్మకు కూడా చెప్పలేదు. నాకు పక్కనే డాక్టర్లు ఉన్నారు, టీకా ఉంది. ఆ అబ్బాయికి వీటిలో ఏవి ఉన్నాయో మనకు తెలియదు. అందుకే ఇంతగా చెప్తున్నాను.

ఇక పారేయడం. ఖాళీ అయిన ఫినాయిల్ డబ్బానో, బట్టల లిక్విడ్ డబ్బానో తీసుకోండి. ప్లాస్టిక్ మందంగా ఉండాలి, మూత మరతో బిగియాలి. నీళ్ల బాటిల్ పలచన, సూది ఇట్టే బయటికొస్తుంది. గాజు సీసా పగులుతుంది. అత్తమ్మ ఇన్సులిన్ వేసుకునే చోటే, పిల్లలకు అందని ఎత్తులో ఈ డబ్బా పెట్టండి. వేసుకున్న వెంటనే సిరంజీని మూత పెట్టకుండా, సూది వంచకుండా, విరవకుండా అలాగే అందులో వేసేయాలి. చాలామందికి గుచ్చుకునేది ఈ మూత పెట్టబోయినప్పుడే. ఇన్సులిన్ పెన్ వాడేవాళ్లు మాత్రం సూది విప్పాలి కాబట్టి, పెద్ద మూతను బల్ల మీద ఉంచి, ఒంటిచేత్తో సూదిని అందులోకి దూర్చి, తర్వాత తిప్పి తీయాలి. షుగర్ చూసుకునే సూదులూ ఇదే డబ్బాలోకి.

డబ్బా ముప్పావు వంతు నిండగానే ఆపేయండి. కుక్కి కుక్కి నింపొద్దు. మూత బిగించి, చుట్టూ టేపు వేసి, ‘సూదులు ఉన్నాయి, తెరవకండి’ అని ఎర్రగా, పెద్ద అక్షరాలతో తెలుగులో రాయండి. 2016 నాటి ఘనవ్యర్థాల నియమాల్లోనే ఇంట్లో వాడిన సూదులు, సిరంజీలను హానికర చెత్తగా లెక్కకట్టి, తడి, పొడి చెత్తలతో కలపకుండా విడిగా ఇవ్వాలన్నారు. కాబట్టి బండి దగ్గర నిలబడి, నోటితో చెప్పి, చేతికివ్వండి. పొడిచెత్తలో పడితే తర్వాత దాన్ని చేత్తో వేరుచేసే ఆడవాళ్ల వేళ్లకు తగులుతుంది. రుయాకో స్విమ్స్‌కో చెకప్‌కు వెళ్లేవాళ్లు, డబ్బా అక్కడ తీసుకుంటారేమో నర్సును ముందే అడగండి. ఆసుపత్రుల్లో సూదుల కోసం తెల్లని గట్టి డబ్బాలు వేరుగా ఉంటాయి.

సూదులను కాల్చొద్దు. ప్లాస్టిక్ పొగ పీలుస్తారు, సూది మాత్రం అలాగే మిగులుతుంది. టాయిలెట్లో వేయొద్దు, పెరట్లో పూడ్చొద్దు, స్వర్ణముఖిలో పారేయొద్దు. ఖర్చు తగ్గుతుందని ఒకే సూదిని వారం పది రోజులు వాడేవాళ్లను చాలామందిని చూస్తున్నాను. మొద్దుబారిన సూదితో నొప్పి పెరుగుతుంది. పదేపదే అదే చోట పొడిస్తే గడ్డలు కట్టి ఇన్సులిన్ సరిగా పట్టదు.

మళ్లీ ఎవరికైనా గుచ్చుకుంటే వేలు పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, డెట్టాల్, స్పిరిట్ పోయకూడదు. పారే నీళ్లలో సబ్బుతో కడుక్కుని, ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి. రాత్రయినా సరే, క్యాజువాలిటీలో ‘సూది గుచ్చుకుంది’ అని చెబితే చాలు. హెచ్ఐవీ గురించి అనుమానాలుంటే 1097కు ఫోన్ చేయొచ్చు, అది ఉచితం.

రేపు పొద్దున బండి వచ్చినప్పుడు ఆ అబ్బాయిని ఆపి, ఏ రోజు ఆసుపత్రికి వెళ్లాలో ఇద్దరూ అనుకోండి. ఆ రోజు కూలి పోతే అదీ మీరే ఇవ్వండి. అత్తగారి రిపోర్టులు రాగానే నాకు మళ్లీ రాయండి.