పిల్లలకు తండ్రి ఆఫీసు పాలసీ ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న: గుంటూరులో ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. జీతం 32 వేలు. రెండేళ్లుగా మా వారు బెంగళూరులో, నేను పిల్లలతో పుట్టింట్లో ఉంటున్నాం. విడాకుల కేసు నడుస్తోంది. ఆయన కంపెనీ ఇచ్చిన 5 లక్షల ఆరోగ్య బీమాలో పిల్లల పేర్లు ఉన్నాయి. ఐదేళ్ల చిన్నవాడికి ఆస్తమా. వేరే పాలసీ దండగ అంటున్నారాయన. ఏం చేయమంటారు?

జవాబు: వేరే పాలసీ తీసుకోండి. అలాగని ఆయన పాలసీలోంచి పిల్లల పేర్లు తీయించకండి. రెండూ ఉండాలి.

విడాకులు మంజూరైతే ఆ పాలసీలో మీకు చోటుండదు. పిల్లలకు ఆ ఇబ్బంది లేదు, ఎవరి దగ్గర పెరిగినా ఆయన పిల్లలే. కానీ ఆ బీమా ఆయన ఉద్యోగం ఉన్నన్నాళ్లే. కంపెనీ మారినా, ఏటా కుటుంబ సభ్యుల వివరాలు నింపేటప్పుడు పేర్లు పెట్టకపోయినా ఆ సంగతి మీకు ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గరే తెలుస్తుంది. అప్పుడు చేసేదేమీ ఉండదు.

చిన్నవాడి ఆస్తమా వల్లే తొందరపడమంటున్నాను. కంపెనీ గ్రూప్ పాలసీలు సాధారణంగా పాత జబ్బులకూ మొదటి రోజు నుంచే వర్తిస్తాయి. సొంత పాలసీలో అలా కాదు, గరిష్ఠంగా మూడేళ్లు ఆగాల్సి రావచ్చు. 2024 ఏప్రిల్‌కు ముందు ఇది నాలుగేళ్లు. ఇప్పుడు తీసుకుంటే బాబుకు ఎనిమిదేళ్లు వచ్చేసరికి ఆ గడువు తీరిపోతుంది, ఈలోపు తండ్రి పాలసీ ఆదుకుంటుంది. ఆయన ఉద్యోగం మానేశాక మొదలుపెడితే ఆ మూడేళ్లూ ఆస్తమా ఖర్చంతా మీ చేతి డబ్బే.

పిల్లలకు విడిగా ఇచ్చే పాలసీలు తక్కువ. మీరూ ఇద్దరు పిల్లలూ కలిసి 5 లక్షల ఫ్లోటర్ (ఆ మొత్తాన్ని అందరూ కలిసి వాడుకునే పాలసీ) తీసుకోండి. ఆస్పత్రి గది అద్దెపై పరిమితి లేనిది చూడండి. వ్యక్తిగత పాలసీలపై 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు, ఆ మేరకు భారం తగ్గింది. మీ జీతానికి కొత్త విధానంలో ఆదాయపు పన్నే పడదు కాబట్టి 80డి (ఆరోగ్య బీమా ప్రీమియంపై పన్ను మినహాయింపు) గురించి ఆలోచించొద్దు.

దరఖాస్తులో ఇన్‌హేలర్, నెబ్యులైజర్, ఆస్పత్రిలో చేర్చిన రోజులు అన్నీ రాయండి. ‘చిన్నపిల్లల ఆయాసం ఎవరు రాస్తారండీ’ అని ఏజెంటు అన్నా వినకండి. దాచినట్టు తేలితే క్లెయిమ్ ఆపేస్తారు, పాలసీ కూడా రద్దు చేయొచ్చు. ప్రీమియం కాస్త పెంచినా ఫర్వాలేదు.

ఈ వారంలోనే ఆయన నుంచి పిల్లల బీమా ఈ-కార్డులు, ఆయన ఎంప్లాయీ నంబరు తెప్పించి ఫోన్‌లో పెట్టుకోండి. ఆయనతో మాట్లాడటం కష్టమైతే పెద్దల ద్వారానో లాయరు ద్వారానో అడగండి. వీలైనంతవరకు నెట్‌వర్క్ ఆస్పత్రికే (బీమా కంపెనీతో ఒప్పందం ఉన్నది) వెళ్లి క్యాష్‌లెస్ (బిల్లు నేరుగా బీమా కంపెనీయే కట్టే పద్ధతి) అడగండి. ముందు మీరు బిల్లు కట్టి తర్వాత క్లెయిమ్ చేస్తే, గ్రూప్ పాలసీలో ఆ సొమ్ము సాధారణంగా ఉద్యోగి ఖాతాలో పడుతుంది. అంటే ఆయన ఖాతాలో.

పిల్లల పోషణ ఖర్చులో వైద్యం కూడా భాగమేనని 2020లో రజ్నేష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ ప్రీమియంలో వాటా అడగమని లాయరుకు చెప్పండి. రాజీ కుదిరితే పిల్లల పేర్లు కొనసాగించాలని, ఏటా కొత్త కార్డులు పంపాలని, ఉద్యోగం మారేముందు చెప్పాలని, క్లెయిమ్ సొమ్ము వారంలోగా మీ ఖాతాకు పంపాలని కాగితం మీద రాయించండి.