పాత మొజాయిక్ గచ్చు మీద టైల్స్: మేస్త్రీకి అడుగుకి 28 ఇవ్వాలా, 45 ఇవ్వాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఇల్లు పాతికేళ్ల నాటిది, కింద మొజాయిక్ గచ్చు ఉంది. టైల్స్ వేయిద్దామంటే ఒక మేస్త్రీ చదరపు అడుగుకి 28 రూపాయలు అన్నాడు, ఇంకొకాయన 45 అన్నాడు. ఎవరికివ్వాలి, మొత్తం కూలి ఎంతవుతుంది?

28 అన్నాయన చవక, 45 అన్నాయన ఖరీదు అని ఇప్పుడే తేల్చేయకండి. ఇద్దరూ ఒకే పనికి రేటు చెప్పారో లేదో ముందు చూడాలి. హనుమకొండలో మా నాన్నగారి ఇంటికి 2024లో ఇదే పని చేయించాం. మాట్లాడిన మేస్త్రీలు 22 నుంచి 48 దాకా రకరకాలుగా చెప్పారు. ఏ పనికి ఎంతో కాగితం మీద విడివిడిగా రాయించుకునేసరికి చాలామంది మొత్తం దగ్గర దగ్గరగానే వచ్చింది. అన్నిటికన్నా తక్కువ చెప్పినాయన లెక్కే చివరికి ఎక్కువ తేలింది. ఎందుకంటే ఆయన 22 అన్నది హాల్లోనూ బెడ్‌రూముల్లోనూ నేల మీద టైల్ పరచడానికి మాత్రమే. స్కర్టింగ్ (గోడ అడుగున వేసే టైల్ పట్టీ) వేరు, బాత్రూమ్ వేరు, గ్రౌటింగ్ (టైల్స్ మధ్య సందులు నింపడం) వేరు, టైల్ డబ్బాలు పైకి మోయడం వేరు, గోడ దగ్గర కటింగ్ కూడా వేరేనట!

మాకు చివరికి కుదిరిన రేట్లు ఇవి. నేలకి రెండు బై నాలుగు అడుగుల టైల్స్ చదరపు అడుగుకి 28. బాత్రూమ్ గోడలు, నేల, కిచెన్ ప్లాట్‌ఫాం వెనక గోడ అడుగుకి 40. స్కర్టింగ్ రన్నింగ్ ఫీట్‌కి (పొడవులో అడుగుకి) 18. అంచులు 45 డిగ్రీలకి చెక్కి కలపడం రన్నింగ్ ఫీట్‌కి 40. బాత్రూముల్లో ఎపాక్సీ గ్రౌట్ (సిమెంటు బదులు రెసిన్‌తో చేసింది) నింపడానికి అడుగుకి 12. ఇది కూలి మాత్రమే, మెటీరియల్ మాది.

ఇప్పుడు మామూలు రెండు బెడ్‌రూముల ఇంటికి ఈ రేట్లతో లెక్క కడదాం. నేల 900 అడుగులనుకుంటే 25,200. బాల్కనీ 60 అడుగులు, 1,680. అయిదు బై ఎనిమిది బాత్రూములు రెండు: చుట్టుకొలత 26 అడుగులు, ఏడడుగుల ఎత్తుకి 182, తలుపు తీసేస్తే ఒక్కోదానికి 165 చొప్పున గోడలే 330. నేలలు రెండూ కలిపి 80. మొత్తం 410 అడుగులకి 16,400. కిచెన్ గోడ 28 అడుగులకి 1,120. స్కర్టింగ్ 240 అడుగులకి 4,320. అంచులు 40 అడుగులకి 1,600. బాత్రూముల 410 అడుగులకి ఎపాక్సీ 4,920. అంతా కలిపితే 55,240. గమనించారా, ఇందులో మేస్త్రీ ముందుగా చెప్పే నేల పని సగం కూడా లేదు. అందుకే నేల రేటు దగ్గర రెండు మూడు రూపాయలకి గంటసేపు బేరమాడి, మిగతావి నోటిమాటకి వదిలేస్తే లాభం లేదు.

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ పని అయితే దీనికి అయిదారు రూపాయలు ఎక్కువే అడుగుతారు. మండల కేంద్రాల్లో కాస్త తగ్గుతుంది. పాత రెండు బై రెండు సైజు టైల్స్‌కి 20 నుంచి 25లో దొరికేవాళ్లు ఇంకా ఉన్నారు. రెండు బై నాలుగుకి రేటు ఎక్కువ ఎందుకంటే ఆ టైల్‌ని ఇద్దరు పట్టాలి, వంపు ఉంటే క్లిప్పులు పెట్టి సమం చేయాలి, కోసేటప్పుడు పగిలితే నష్టం పెద్దది. నా అభిప్రాయం అడిగితే, పది బై పదకొండు గదుల్లో ఆ పెద్ద టైల్స్ కోసం పోవక్కర్లేదు. ముక్కలు ఎక్కువ వస్తాయి, అవి దేనికీ పనికిరావు. హాలు పెద్దదైతే అక్కడ వేయించుకోండి, బాగుంటుంది.

మీ విషయంలో అసలు ఖర్చు తేలేది మొజాయిక్ దగ్గర. దాన్ని పగలగొట్టించాలా, దాని మీదే వేయించాలా అన్నది రేటు మాట్లాడకముందే తేల్చుకోండి. ఒక కర్రతోనో సుత్తి వెనక వైపుతోనో గచ్చంతా మెల్లగా కొట్టి చూడండి. గుల్ల శబ్దం రాకుండా, పగుళ్లు లేకుండా, ఎక్కడా కుంగకుండా ఉంటే పగలగొట్టించనక్కర్లేదు. పైన నునుపు పోయేలా గాట్లు పెట్టించి, దుమ్ము కడిగి, టైల్ జిగురు పొడి, అంటే అడ్హెసివ్‌తో నేరుగా టైల్ అతికిస్తారు. ఎత్తు అర అంగుళం పైచిలుకు పెరుగుతుంది. తలుపుల కింద ఆ మేరకు కార్పెంటర్‌తో చెక్కించుకోవాలి. అదే మొజాయిక్ మీద మళ్లీ సిమెంటు, ఇసుక పరిచి టైల్ వేస్తానంటే ఒప్పుకోకండి. రెండున్నర అంగుళాలు లేస్తుంది, గడపలు మునిగిపోతాయి, బాత్రూమ్ నేలకీ గది నేలకీ తేడా తారుమారవుతుంది.

మా ఇంట్లో వంటగది ఒక మూల కుంగింది కాబట్టి అక్కడ తవ్వించాం, మిగతా గదుల్లో పాత గచ్చు మీదే వేయించాం. మొత్తం తవ్విస్తే ఎంతయ్యేదో కూడా కనుక్కున్నాను. పగలగొట్టడానికి అడుగుకి 15 అన్నారు, అంటే 900 అడుగులకి 13,500. పగిలిన ముక్కల రద్దు ఎత్తిపోయడానికి మూడు నాలుగు ట్రాక్టర్ ట్రిప్పులు, ఒక్కోటి 1,500 దాకా. ఆ తర్వాత రెండంగుళాల మందాన కొత్తగా పరచడానికి 30 బస్తాల సిమెంటు, ఏడెనిమిది టన్నుల ఇసుక. అడ్హెసివ్‌తో అయితే 20 కిలోల బస్తా సుమారు 50 అడుగులకి వస్తుంది, 18 నుంచి 20 బస్తాలు చాలు. బస్తా 500 అనుకున్నా 10,000 లోపే. ఇసుక ధర ఊరిని బట్టి మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి ఇసుక ఉచితమన్నా లోడింగ్, రవాణా మనమే కట్టుకోవాలి, దూరమైతే అదే బరువు. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. అది మీ కొటేషన్‌లో కనబడుతోందా చూసుకోండి.

అడ్హెసివ్ అనగానే కొందరు పాత మేస్త్రీలు మొహం తిప్పుకుంటారు. "ఇన్నేళ్లు సిమెంటుతోనే వేశాం, ఊడాయా సార్?" అంటారు. వాళ్లు చెప్పేది ఆ రోజుల సిరామిక్ టైల్స్ గురించి. అవి నీళ్లు పీల్చుకుంటాయి కాబట్టి నానబెట్టి సిమెంటుతో అతికిస్తే పట్టుకునేవి. ఇప్పుడు మనం కొంటున్న విట్రిఫైడ్ టైల్ నీళ్లు పీల్చేది అర శాతం లోపే. సిమెంటు పాలు దానిలోకి దిగవు. ముఖ్యంగా గోడకి సిమెంటు ముద్దలు అయిదు చోట్ల పెట్టి టైల్ నొక్కేసే పద్ధతి ఉంది చూశారూ, దాంతో మూలలన్నీ గుల్లే. రెండేళ్లకి గీజర్ కింద టైల్ ఉబ్బుతుంది. బస్తా మీద ఐఎస్ 15477 అని (టైల్ అడ్హెసివ్‌కి భారతీయ ప్రమాణం నంబర్), పక్కన టైప్ ఎంతో రాసి ఉంటుంది. మీ టైల్‌కీ మీ గోడకీ ఏ టైప్ అని షాపులో అడిగి తెచ్చుకోండి. పళ్లున్న తాపీతో గీతలు గీసి వేయాలి, ముద్దలుగా కాదు. ఈ పద్ధతిలో చేసే మేస్త్రీ రెండు మూడు రూపాయలు ఎక్కువ అడిగితే నేనైతే ఇచ్చేస్తాను.

కొలత విషయం. కొందరు పని అయ్యాక గది కొలత తీసుకోరు. వాడిన డబ్బాలు లెక్కపెట్టి, డబ్బాకి ఇన్ని అడుగులని కూలి అడుగుతారు. రెండు బై రెండు టైల్స్ నాలుగున్న డబ్బా అయినా, రెండు బై నాలుగు రెండున్న డబ్బా అయినా వచ్చేది 15.5 అడుగులు. అందులో కోసి పారేసిన ముక్కలకీ మనమే కూలి ఇచ్చినట్టవుతుంది. వేసిన చోటు టేపుతో కొలిచే ఇస్తామని ముందే చెప్పండి. తలుపులు, కిటికీల చోటు తీసేస్తారా లేదా అన్నదీ అడగండి. చిన్న కిటికీ అయితే చుట్టూ కటింగ్ పని ఉంటుంది కాబట్టి దాని చోటు తీసేయం అంటారు, అది న్యాయమే. తలుపు మాత్రం తీయాలి.

మా పనిలో గొడవ వచ్చింది ఇక్కడ కాదు, స్కర్టింగ్ దగ్గర. మాట్లాడిన కాంట్రాక్టర్ ఒకాయన, పనిలోకి వచ్చింది ఆయన పంపిన వేరే మనుషులు. రన్నింగ్ ఫీట్‌కి 18 అని కాగితం మీద ఉన్నా, పని సగంలో "అది రెడీమేడ్ స్కర్టింగ్‌కి సార్, టైల్ కోసి వేస్తే 30" అని ఆపేశారు. కాగితంలో "టైల్ కోసి, అంచు రుద్ది" అన్న మాటలు నాన్నగారు పట్టుబట్టి రాయించి ఉండబట్టి సరిపోయింది. ఆయన రిటైర్డ్ గుమాస్తా లెండి, ఏదైనా రాతలో ఉండాలంటారు. మీరూ ఆ మాటలు రాయించుకోండి.

బాత్రూమ్‌కి 40 ఎక్కువ అనిపించవచ్చు. అక్కడ పని నెమ్మది: పైపుల చుట్టూ రంధ్రాలు, నహానీ ట్రాప్ (నీళ్లు పోయే జాలీ) దగ్గర నాలుగు వైపులా కోతలు, వాటం (నీళ్లు జారే వాలు). ఈ వాటం కుదరకపోతే జీవితాంతం వైపర్ పట్టుకుని తిరగాలి. ఎనిమిది అడుగుల బాత్రూమ్‌కి ఈ చివర నుంచి ఆ చివరకి అంగుళం వాలు ఉంటే నీళ్లు నిలవవు. గ్రౌట్ నింపకముందు, అతికించింది ఆరాక ఒక బకెట్ నీళ్లు పోసి చూడండి. ఎక్కడైనా మడుగు కడితే అప్పుడే ఆ నాలుగు టైల్స్ తీయించండి. గ్రౌట్ అయ్యాక చెప్తే ఎవరూ రారు. వాటర్‌ప్రూఫింగ్ కూలి ఈ 40లో ఉండదు, అది టైల్స్‌కి ముందు జరగాల్సిన వేరే పని.

రోజు కూలి మీద చేయించుకోవచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. మా దగ్గర మేస్త్రీకి 1,200, హెల్పర్‌కి 800 నడుస్తోంది. ఒక జత మామూలు గదిలో రోజుకి 100 నుంచి 150 అడుగులు వేస్తారు. లెక్కకి అడుగు 20కి మించకుండా పడేలా కనిపిస్తుంది గానీ, రోజు కూలి అంటే చాయ్‌లు పెరుగుతాయి, అడుగులు తగ్గుతాయి. నాలుగు టైల్స్ మార్చడానికో, వరండాలో చిన్న ముక్కకో రోజు కూలే నయం. అలాంటి చిన్న పనికి అడుగు లెక్కన ఎవరూ రారు కూడా.

డబ్బు ఇచ్చే తీరు: అడ్వాన్స్ 10 శాతం మించకండి. ప్రతి శనివారం ఆ వారం అయిన అడుగులకి ఇవ్వండి, మనుషులకి ఖర్చులుంటాయి, ఆలస్యం చేస్తే వేరే సైటుకి వెళ్లిపోతారు. చివరి 10 శాతం మాత్రం గ్రౌట్ అయ్యి, సిమెంటు మరకలు తుడిచి, గదంతా కొట్టి గుల్ల చూసుకున్నాక ఇవ్వండి. టైల్స్ కొనేటప్పుడు 5 శాతం ఎక్కువ, ముక్కలెక్కువ పడే గదులకి 10 శాతం. డబ్బాలన్నిటి మీదా బ్యాచ్, షేడ్ నంబర్లు ఒకటేనా చూసే దించుకోండి. గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీలో వచ్చిన ఆ లాట్ అయిపోతే అదే రంగు మళ్లీ దొరకడం కష్టం. డబ్బా 30 కిలోల దగ్గర ఉంటుంది. 60 డబ్బాలు పై అంతస్తుకి మోయాలంటే హమాలీ డబ్బాకి ఇంత అని వేరే. మాకు పది రూపాయలు పడింది, లిఫ్ట్ లేదు.

ఇక మీ ఇద్దరు మేస్త్రీల మాట. 45 అన్నాయన దాంట్లో స్కర్టింగ్, గాట్లు పెట్టడం, పళ్ల తాపీతో అడ్హెసివ్, గ్రౌటింగ్, బాత్రూములూ అన్నీ కలిపే చెప్పి ఉంటే ఆయనకే ఇవ్వండి, 43కి దిగుతాడేమో కూడా. ఒట్టి నేలకే 45 అంటే మాత్రం ఎక్కువ, వదిలేయండి. 28 అన్నాయన్ని పైన రాసిన విడి రేట్లు ఒక్కొక్కటీ అడిగి రాసుకోండి. ఇద్దరూ ఈమధ్య చేసిన పని ఒకటి చూపించమని, అక్కడ బాత్రూమ్ నేల మీద నీళ్లు పోసి చూసి రండి. గది కొలతలు ఇక్కడ పెడితే మీ ఇంటికి లెక్క కట్టి చెప్తాను.